తొట్టిలో మంచి చోటు

నన్ను పోస్టు దగ్గర దింపేసరికి ఉదయం ఐదున్నర. నందికొట్కూరు దాటాక కాలువ వెంబడి పోయే రోడ్డు అది. రెండు వైపులా నల్లరేగడి, విచ్చుకున్న పత్తి చేలు. చలిగా ఉంది. మంచు కొండల్లో ఏళ్ల తరబడి ఉండి వచ్చినవాడికి అది చలి కింద లెక్క కాదు. రెండు ఇనుప బారికేడ్లు, ఒక రేకుల షెడ్డు, అందులో బెంచీ, నీళ్ల కుండ, గోడకు వైర్‌లెస్ సెట్టు. పోస్టంటే అంతే.

సైన్యం నుంచి హవల్దారుగా దిగి రాయచోటిలో ఇంటికి చేరిన రెండో ఏడు. మాజీ సైనికుల్ని రోడ్డు భద్రత డ్యూటీకి తాత్కాలికంగా తీసుకుంటున్నారని తెలిసి పేరిచ్చాను. ఇంట్లో ఊరకే కూర్చోవడం నాకు చేతకాలేదు. పత్తి తీసే కాలమంతా డ్యూటీ అన్నారు. మెరిసే పట్టీల జాకెట్టు, లాఠీ, విజిలు, టార్చి ఇచ్చారు. బూట్లు మాత్రం నావే, పాతవి.

ఆర్డరు ఒకటే. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించుకుని వస్తే ఆపాలి, దింపాలి, కేసు రాయించాలి.

ఇంటి దగ్గర నన్ను అడిగినవాళ్లకు ఈ డ్యూటీ గురించి తలా ఒక ముక్క చెప్పాను. కొందరు నన్ను మెచ్చుకున్నారు. పికప్పు కాలువలో పడిన రోజు కూలీలను నీళ్లలోంచి బయటికి మోసినవాడినని శాలువా కప్పారు. పికప్పు డ్రైవరు ఖాజా తాగి బండి నడిపాడని ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఈ రెండూ సరిచేయాలి. ఖాజా తాగలేదు. నేను శాలువాకు తగినవాడిని కాదు.

పోస్టులో నాతో ఉన్నది ఒక హెడ్ కానిస్టేబులు. అందరూ హెడ్డు అనేవాళ్లు. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి, మోకాళ్ల నొప్పి. మొదటి ఉదయం నేను బారికేడు పక్కన నిటారుగా నిలబడితే ఆయన బెంచీ మీద నుంచి నవ్వాడు.

"కూర్చో మిలిట్రీ. నీ యుద్ధానికి ఇంకా పావుగంట ఉండాది."

ఆరుంపావుకు దూరంగా బండి లైట్లు కనపడ్డాయి. మలుపు దాటాయి. పోస్టుకు కాస్త అవతలే ఆగి ఆరిపోయాయి. కాసేపటికి ఆడవాళ్లు నడుచుకుంటూ వచ్చారు. పద్దెనిమిది మంది. తలల మీద తువ్వాళ్లు, చేతుల్లో సద్ది క్యారియర్లు, నడుముకు పత్తి తీసే ఒడిగుడ్డలు. ఎవరూ నా వైపు చూడలేదు. వాళ్ల వెనక ఖాళీ పికప్పు నెమ్మదిగా వచ్చింది. స్టీరింగు ముందు నలభై ఏళ్ల మనిషి, కురచ గడ్డం. అతనే ఖాజా. నాకు సలాం పెట్టి దాటిపోయాడు. బారికేడు దాటాక కాస్త దూరంలో ఆగాడు. ఆడవాళ్లు మళ్లీ ఎక్కారు.

"చూసినావా? మన ముందర మనిషి లేడు. కేసు లేదు," అన్నాడు హెడ్డు.

ఏడింటికి సెట్టు మోగింది. "పోస్టు, పొద్దున కేసులెన్ని? ఓవర్."

"నిల్ సార్. ఓవర్," హెడ్డు జవాబిచ్చాడు.

ఇది అక్కడి అలవాటు. డ్రైవరుకు తెలుసు, కూలీలకు తెలుసు, హెడ్డుకు తెలుసు. అందరూ కలిసి రోజూ అదే నాటకం ఆడేవారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు వాళ్లు మళ్లీ ఎక్కే చోటికే వెళ్లి నిలబడ్డాను.

"ఏమమ్మా, యాడికి?"

ముందు నడుస్తున్నావిడ ఆగింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. పేరు మద్దమ్మ. ఆ గుంపును కూలికి కుదిర్చేదీ, పొద్దున్నే లేపేదీ ఆమే.

"నడ్చేకి కూడా పర్మిషన్ కావల్నా సార్?"

"నడవండి. బండి ఎక్కొద్దు."

"బస్సు ఎన్నింటికి వస్తాదో ఎరుకనా నీకు?"

"ఎన్నింటికి?"

"తొమ్మిదికి. వస్తే. ఆడోళ్లకు టికెట్టు లేదంట. శానా మంచిది. ఎక్కేకి బస్సుండల్ల గదా!" వెనక ఉన్నవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. "తొమ్మిదికి పోతే చేను ఆయప్ప గట్టు మీద నుంచే పంపిస్తాడు. నీ ఇంటికి పంపిస్తే అన్నం పెడ్తావా?"

నేను కదల్లేదు. ఆ రోజు వాళ్లను వెనక్కి పంపించాను. ఖాజా మీద కేసు రాయించాను. మరుసటి రోజూ అంతే. మూడో రోజు రోడ్డు మీద బండి రాలేదు. నాకు గర్వంగా అనిపించింది. ఇంతలో హెడ్డు కాలువ గట్టు వైపు చెయ్యి చూపించాడు. గట్టు మీద, ఎద్దుల బండికే ఇరుకైన దారిలో, పికప్పు లైట్లు ఊగుతూ పోతున్నాయి. ఒక పక్క నీళ్లు. ఇంకో పక్క లోతు చేను. బండి వెనక తొట్టిలో ఆడవాళ్లు నిలబడి ఒకర్నొకరు పట్టుకున్నారు.

"ఇప్పుడేం జేస్తావు? గట్టు మీద కూడా బారికేడు పెట్టాల్నా?" అన్నాడు హెడ్డు.

నా తప్పు ఈ చోట మొదలైంది. సోమరితనం వల్ల జరిగిందయితే ఇంత బాధ ఉండేది కాదు. బాగా ఆలోచించి చేసిన తప్పు.

సైన్యంలో మేం బతుకంతా బండి వెనకే తిరిగాం. రెండున్నర టన్నుల బండిలో ఇరవై మందిమి, సామానుతో సహా. దానికి క్రమం ఉంటుంది. ఎవరూ నిలబడకూడదు. ఎవరూ అంచు మీద కూర్చోకూడదు. వెనక తలుపు రెండు కొక్కేలూ పడాలి. సామాను విడిగా కట్టాలి. బండికి ఒక కమాండరు ఉండాలి, అతని మాటకు తిరుగు ఉండదు. అన్నేళ్లలో మా బండి నుంచి ఒక్క మనిషి పడలేదు. ఈ ఆడవాళ్లు ఎలాగూ ఎక్కుతారు. ఎక్కేదేదో పద్ధతిగా ఎక్కితే?

హెడ్డుతో చెప్పాను. ఆయన చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

"నేను ఔననలేదు, కాదనలేదు. ఆ టైముకు నాకు టీ తాగేకి పోవల్ల," అన్నాడు.

మర్నాడు ఖాజాను గట్టు దారి మొదట్లోనే ఆపాను. రోడ్డు మీదే పొమ్మన్నాను. అందర్నీ దింపి మళ్లీ ఎక్కించాను. నేల మీద కూర్చోవాలి. వీపు పక్క చెక్కలకు ఆనించాలి. మోకాళ్లు ముడుచుకోవాలి. క్యారియర్లన్నీ ఒక గోతంలో. వేగం నలభై దాటకూడదు. మద్దమ్మ కమాండరు. కేబిన్ మీద రెండుసార్లు కొడితే ఖాజా ఆపాలి.

"లెఫ్టు రైటు అనల్నా సార్?" అంది మద్దమ్మ.

"తుపాకీలు ఎప్పుడిస్తాడంట?" వెనక నుంచి ఎవరో.

"నీకు తుపాకీ ఎందుకే, నీ నోరు సాలదా!"

ఖాజా నవ్వకుండా అన్నీ విన్నాడు. "సాబ్, నిజంగా రోడ్డు మీద పోవచ్చునా? రేపు మీరే కేసు రాస్తే?"

"రాయను. నేను చెప్పినట్టు చేస్తే రాయను."

"అల్లా మేలు చేస్తాడు సాబ్. ఆ గట్టు మీద నడిపేటప్పుడు నా పానం పోతాండె."

ఒక్క మనిషే మొండికేసింది. నాగమ్మ, అందరికన్నా పెద్దది. అరవై దాటి ఉంటాయి. ఆమె రోజూ వెనక తలుపు అంచు మీద, రోడ్డు వైపు కాళ్లు వేలాడేసి కూర్చునేది.

"నాకు గాలి కావల్ల నాయనా. లోపల కూకుంటే కడుపులో తిప్పుతాది."

"అంచు మీద వద్దమ్మా. కేబిన్ వెనకాల కూర్చో. గాలి తగలదు, కుదుపు తక్కువ. తొట్టిలో మంచి చోటు అదే."

"అట్లనా?"

"నేను చెప్తాండా గదా."

చెయ్యి పట్టుకుని నేనే కూర్చోబెట్టాను. కళ్లు మూసుకుని తువ్వాలు ముక్కుకు అదుముకుంది. నాలుగు రోజులకు అలవాటు పడింది. తర్వాత రోజూ పోస్టు దగ్గర బండి నెమ్మదించినప్పుడు, "బతికే ఉండా నాయనా, నీ మంచి చోట్లో," అని కేకేసేది. బండంతా నవ్వేది. నేనూ నవ్వేవాడిని.

పద్ధతి బాగా సాగింది. మిగతా డ్రైవర్లూ నేర్చుకున్నారు. పొద్దున ఆరు నుంచి ఏడింటి దాకా పికప్పులు నా ముందు వరసగా ఆగేవి. నేను తలుపు కొక్కేలు చూసేవాడిని, నిలబడినవాళ్లను కూర్చోబెట్టేవాడిని, చెయ్యి ఊపి పంపేవాడిని. పరేడు చూసుకున్నట్టు ఉండేది. ఊళ్లలో ఒక మాట పుట్టింది. బండి ఎక్కేముందు ఆడవాళ్లు అడిగేవారట: "మిలిట్రీ చూసినాడా ఈ బండి?" చూశాడంటే ఎక్కేవారు. అంతకుముందు భయపడి ఇంట్లో ఉండిపోయినవాళ్లు కూడా ఎక్కడం మొదలుపెట్టారు. నేను చేసిన పని అది. భయం ఉండాల్సిన చోట నుంచి భయాన్ని తీసేశాను.

సైన్యం బండికీ పికప్పుకూ తేడా నాకు తెలియక కాదు. మా బండికి తొట్టి పైన ఇనుప కమ్మీల చట్రం ఉంటుంది, దాని మీద టార్పాలిను. లోపల బెంచీలు, పట్టుకునే కడ్డీలు. దాన్ని మనుషుల కోసం కట్టారు. పికప్పు తొట్టిని బస్తాల కోసం కట్టారు. మనిషి తల పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. ఒకసారి మద్దమ్మ అడిగింది కూడా: "మీ మిలిట్రీ బండ్లు బోల్తా పడవా?" మా బండి ఎప్పుడూ పడలేదన్నాను. అడిగినదానికి అది జవాబు కాదు.

పత్తి చివరి తీతలో, ఒక మధ్యాహ్నం సన్నని జల్లు పడింది. పెద్ద వాన కాదు. నల్లరేగడికి అంతే చాలు. తారు రోడ్డు ఆరింది, పక్కన మట్టి సబ్బులా ఉండిపోయింది. నాలుగున్నర దాటింది. వెలుగు బాగానే ఉంది. కూలీల బండ్లు తిరిగి వచ్చే వేళ. బైకు మీద ఒకతను అరుస్తూ వచ్చాడు.

"మలుపు కాడ బండి పడిపోయింది! ఆడోళ్లు! ఆడోళ్లు!"

నేను పరుగెత్తాను. హెడ్డు సెట్టు పట్టుకున్నాడు. ఆయన గొంతు నా వెనక వినపడుతూనే ఉంది.

"కంట్రోల్, పోస్టు. కాలువ మలుపు దగ్గర పికప్పు పడింది. అంబులెన్సులు పంపండి. ఒకటి సాలదు. ఓవర్."

"బండిలో ఏం సరుకు? ఓవర్."

"మనుషులు సార్. ఓవర్."

ఏం జరిగిందో ఆ బైకతను చూశాడు, నాకు చెప్పాడు, తర్వాత అధికారులకూ చెప్పాడు. మలుపులో ఒక ట్రాక్టరు ట్రాలీ సగం రోడ్డు మీద ఆగి ఉంది, కందికట్టె నింపుకుని, చక్రం ఊడదీసి. ఖాజా దాన్ని దాటడానికి కుడికి వచ్చాడు. ఎదురుగా ఈ బైకు. బైకును తప్పించడానికి ట్రాలీ ముందు నుంచి ఎడమకు లాగాడు. ఎడమ చక్రాలు మట్టిలోకి దిగాయి. నలభైలోనే ఉన్నాడు. బ్రేకు వేసినా పట్టలేదు. బండి జారి, పక్కకు ఒరిగి, కాలువ వాలు మీద పూర్తిగా తిరగబడింది.

నేను వెళ్లేసరికి చక్రాలు పైకి ఉన్నాయి. వెనక తలుపు కొక్కేలు రెండూ పడే ఉన్నాయి. తొట్టి మధ్యలో ఉన్నవాళ్లు కొందరు ముందే నీళ్లలోకి ఎగిరిపడ్డారు. నడుము లోతు నీళ్లు. వాళ్లు లేచి నిలబడి అరుస్తున్నారు. కేబిన్ వెనక ఉన్నవాళ్లు బండి కింద ఉన్నారు. పొలాల్లోంచి జనం వచ్చారు. అందరం కలిసి ఎత్తాం. మద్దమ్మ కాలు పక్క చెక్క కింద ఇరుక్కుంది. ఆమె అరవడం లేదు. "ముసల్దాన్ని చూడండప్పా, ముసల్దాన్ని," అంటోంది.

నాగమ్మ పోయింది. నేను కూర్చోబెట్టిన చోటే, కేబిన్‌కు ఆని.

అంచు మీద కూర్చుని ఉంటే బతికేదా? తెలియదు. ఆ రోజు బతికేదేమో. ఇంకో రోజు, ఇంకో గుంతలో, అంచు మీది మనిషే ముందు పోతుంది. ఈ మాట మీరు సరిగా వినాలి. నేను చెప్పిన చోటు తప్పు, వేరే చోటు ఒప్పు అని కాదు. తొట్టిలో మంచి చోటు అంటూ లేదు. సరుకు బండిలో మనిషి ఎక్కకూడదని చట్టంలో రాసినప్పుడు, పద్ధతిగా కూర్చుంటే ఎక్కవచ్చని పక్కన రాయలేదు. ఆ బండి కాగితాల్లో పత్తి బస్తాకు చోటుంది. బస్తా పక్కన కూర్చున్న మనిషికి లేదు. ఆమె పోయాక వాళ్లింటివాళ్లు బీమా కోసం తిరిగినప్పుడు ఆ సంగతి నాకు తెలిసింది. ఆ ఆర్డరు చిన్నచూపుతో రాసినదనుకున్నాను. రాసినవాళ్లు ఇలాంటి వాలులు చాలా చూసి రాశారు.

ఖాజాను కేబిన్‌లోంచి లాగింది నేనే. తల నుంచి రక్తం. నా భుజం మీద వాలి, నా మొహం మీదే ఊపిరి వదులుతూ, "ఎంతమంది సాబ్? ఎంతమంది?" అని అడిగాడు. సోంపు వాసన తప్ప ఏమీ లేదు. కేబిన్‌లో పగిలిన సీసా ఒకటి పడి ఉంది. మందు సీసానే. అందులో ఆయన బ్రేకు ఆయిల్ పోసి పెట్టుకునేవాడు. ఎవరో ఆ సీసా పెంకులను ఫోటో తీశారు. ఆస్పత్రిలో రక్తం తీసి చూశారు, ఏమీ లేదని వచ్చింది. ఆ మాట ఆస్పత్రి దాటి పోలేదు. ఫోటో మాత్రం రాత్రికి రాత్రి అన్ని ఊళ్లూ తిరిగింది.

విచారణలో నన్ను అడిగింది ఒక్కటే: ప్రమాదం తర్వాత ఏం చూశావు? చెప్పాను. అంతకుముందు రోజూ ఏం జరిగేదో అడగలేదు. నేను చెప్పలేదు. హెడ్డు నా వైపు చూడలేదు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించినందుకు ఖాజా మీద కేసు నడిచింది. ఆ తప్పు ఆయన చేశాడు. నేను దగ్గరుండి చేయించాను. ఈ మధ్య వెళ్లి ఆ ముక్క కూడా చెప్పి సంతకం పెట్టాను. అధికారి విని, "ఇంత ఆలస్యంగా ఎందుకు?" అన్నాడు. 

డ్యూటీ ముగిసే ముందు ఖాజాను కలిశాను. టైర్లు అతికే షాపులో పనికి కుదిరాడు. నన్ను చూసి ట్యూబు పక్కన పెట్టాడు.

"కేసు కేసే సాబ్. ఎక్కించుకున్న్యా, ఒప్పుకుంటా. జైలన్నా పోతా. తాగినోడు అంటాండారు. నా జన్మలో తాగలేదు. మసీదులో పక్కన నిలబడేకి కూడా జరుగుతాండారు. ఆ ఒక్కమాట తీపించు సాబ్."

తీపిస్తానన్నాను.

పోస్టు వదిలిన ఉదయం ఇంటికి బస్సు ఎక్కే ముందు మద్దమ్మ ఊరికి వెళ్లాను. ఆరవుతోంది. ఊరి మొదట్లో, రోడ్డు పక్కన గుంపుగా నిలబడి ఉన్నారు. మిరప కోతలు మొదలయ్యాయి. మద్దమ్మ చంకలో కర్ర. కాల్లో రాడ్డు వేశారు. కూర్చుని మిరపకాయల తొడిమెలు తీసే పని దొరికిందట.

"ఏమప్పా మిలిట్రీ, పోతాండావా?"

"పోతాండా. మద్దమ్మా, ఖాజా ఆ రోజు తాగలేదని నీకు తెలుసు గదా."

"తెలీకేం. పొద్దున్నుంచి ఆయన మా ముందరే ఉన్న్యాడు. టీ తప్ప ఏం తాగినాడు?"

"మరి ఊళ్లో చెప్పచ్చు గదా."

ఆమె గుంపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"చెప్పినా. ఎవురూ ఇనరు. ఇంటే వీళ్లు రేపు బండి ఎట్లెక్కల్లప్పా? వాడు తాగినాడు కాబట్టి పడింది అనుకుంటేనే కాలు పైకి లేస్తాది."

 నేనూ నలభై వేగమని, కొక్కేలని, నేల మీద కూర్చోవడమని అలాంటిదే ఒకటి చెప్పి వాళ్ల కాళ్లు పైకి లేపించాను.

కొత్త పికప్పు వచ్చి ఆగింది. డ్రైవరు నడివయసువాడు. కిందికి దిగి ఆడవాళ్ల ముందు నిలబడ్డాడు. ఒకావిడ ముందుకొచ్చి, "ఊదు," అంది. అతను నోరు పెద్దగా తెరిచి ఆమె మొహం మీద హా అని ఊదాడు. ఆమె వాసన చూసి ఉల్లిపాయ ఘాటుకు ముక్కు చిట్లించింది.

"ఎర్రగడ్డలు తిన్న్యాడు. మందు తాగలేదు. ఎక్కండే!"

అందరూ నవ్వారు. డ్రైవరు కూడా నవ్వాడు. ఒకరి వెనక ఒకరు ఎక్కారు. మద్దమ్మ కర్రను పైకి అందించింది. పై నుంచి నాలుగు చేతులు కిందికి వచ్చి ఆమె రెక్కలు పట్టుకున్నాయి.

నేను రాయచోటిలో ఇంట్లో ఉన్నాను. సైన్యంలో ఇరవై నాలుగేళ్లలో నేను చూసినవి చాలా ఉన్నాయి, అవి నిద్రలోకి రావు. నోరు తెరిచి నిలబడిన ఆ మనిషి, అతని ఊపిరి కోసం ముందుకు వంగిన ఆ ఆడమనిషి వస్తారు. ఆమె వాసన చూసి, నమ్మకంగా వెనక్కి తిరిగి, అందరినీ ఎక్కమని చెయ్యి ఊపుతుంది.